మొదటి వెల్డింగ్ మిషను

వెల్డింగ్ మిషను కొనడానికి పోయినవాళ్లను షాపువాళ్లు మొదట అడిగే మాట, "ఎన్ని ఆంప్స్ కావాలప్పా?" అని. 200 అంటే ఒక పెట్టె చూపిస్తారు, 400 అంటే ఇంకో పెట్టె. కొత్తగా పని మొదలుపెట్టే మనిషికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. నాకు తోచింది ఏమంటే, ఆ షాపులో వరసగా పెట్టిన పెట్టెలు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో ఎవరికో వచ్చిన అవసరానికి పుట్టినవి. ఎవరి అవసరానికి ఏది పుట్టిందో తెలిస్తే, మన అవసరానికి దగ్గరగా ఉండేది ఏదో కూడా తెలుస్తుంది.

నేను దీని గురించి చదవడానికి కారణం మా అన్న. అన్న ఐటీఐలో ఒక సంవత్సరం వెల్డర్ ట్రేడు చదివి, హోసూరు సిప్‌కాట్‌లో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద రెండేళ్లు పనిచేశాడు. కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ పిలవలేదు. మా ఊర్లో కొత్త ఇండ్లు లేస్తా ఉన్నాయి. గేటు కావాలన్నా, కిటికీ గ్రిల్లు కావాలన్నా అందరూ హోసూరుకే పోవాలి. అందుకని ఊర్లోనే షాపు పెడతానన్నాడు. అమ్మ చీటీ ఎత్తింది, చేతికి వచ్చింది 22,000 రూపాయలు. అందులోనే మిషను, గ్రైండరు, రాడ్లు, కేబులు, కండ్లకు అద్దం, అన్నీ రావాలి. సరిపడని మిషను తెస్తే ఇంకోటి కొనడానికి ఇంట్లో డబ్బు లేదు.

ఏ మిషను అనే దాని మీద ఇంట్లో తలా ఒక మాట. "పాత ట్రాన్స్‌ఫార్మరు ఒకటి అమ్మకానికి ఉండాది, నా పెండ్లికి ముందునుంచి చూస్తా ఉండా, ఇంకా పనిచేస్తా ఉండాది" అని నాయన. కంపెనీలో చేతికి అలవాటైన మిగ్ మిషనే కావాలని అన్న. ఇన్వర్టరు తీసుకోమని అన్న స్నేహితుడు. "ఏదైనా తీసుకోండి, పిల్లోడి కండ్లు బాగుండాల" అని అమ్మ. నాకు ఇనుము పని తెలియదు, చరిత్ర అంటే ఇష్టం. కాబట్టి ఆ దారిలో పోయి చూశాను.

విద్యుత్తు రాకముందు కూడా ఇనుమును ఇనుముకు అతికేవాళ్లు, కొలిమిలో. మడక కర్రు అరిగిపోతే కమ్మరి కొత్త ముక్క పెట్టి అతికేవాడని మా అవ్వ చెప్తుంది. రెండు ముక్కలనూ తెల్లగా మెరిసేదాకా కాచి, దాగలి మీద ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కొడతారు. ఇందులో ఇనుము కరగదు, మెత్తబడి ఒకటిగా కలిసిపోతుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే అతుకు నిలవదు. అందుకే పైన ఇసుకో వెలిగారమో చల్లుతారు. అది కరిగి ఆ పొరను కూడా కరిగించుకుని, దెబ్బ పడగానే చిట్టెంగా బయటికి చిమ్ముతుంది. ఈ మందు సంగతి గుర్తుపెట్టుకోండి, వెల్డింగ్ రాడ్డు దగ్గర మళ్లీ వస్తుంది.

ఢిల్లీలో మెహ్రౌలీ దగ్గర ఉన్న ఇనుప స్తంభం ఇట్లా అతికిందే. గుప్తుల కాలంది, అంటే దాదాపు 1,600 ఏండ్లది. 7 మీటర్లకు పైగా ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు. అంత ఇనుమును ఒకేసారి పోత పోసే కొలిమి ఆ కాలంలో లేదు. చిన్న చిన్న ముద్దలను కాచి ఒకదానికొకటి కొట్టి అతికారు. తంజావూరులో బీరంగి మేడు మీద ఉన్న పెద్ద ఫిరంగి కూడా అట్లాంటిదే. అది నాయక రాజుల కాలంది. తెలుగు మాట్లాడే రాజులు తమిళ దేశంలో చేయించిన ఫిరంగి కాబట్టి మా బడి పిల్లలకు అది సొంత సంగతే. దాదాపు 22 టన్నుల ఆ ఫిరంగిని పొడుగు పట్టీలు, వాటిమీద కట్లు వేసి కాచి అతికారు. సారు దాని బొమ్మ చూపించినప్పుడు అన్న కూడా చూసి, "ఇంత పెద్దదాన్ని తిప్పి తిప్పి కాచింది ఎట్లా?" అన్నాడు. పని తెలిసినవాడికి ముందు వచ్చే ప్రశ్న అదే అనుకుంటాను.

ఇక్కడ ఒక చిన్న మాట. అన్న ఐటీఐ పుస్తకంలో వెల్డింగ్‌ను తమిళంలో పట్రవైప్పు అంటారు. తెలుగులో మనం అతకడం అంటాం. హోసూరు షాపుల్లో మాత్రం తమిళం వాళ్లకు, తెలుగు వాళ్లకు, కన్నడం వాళ్లకు అందరికీ అది వెల్డింగే.

విద్యుత్తుతో మెరుపు పుట్టించవచ్చని 1800 తర్వాత కొద్ది ఏండ్లకే తెలిసింది. కానీ దాన్ని అతకడానికి వాడింది 1880ల్లో. రష్యా సామ్రాజ్యంలో నికొలాయ్ బెనార్డోస్, స్తానిస్లావ్ ఒల్షెవ్‌స్కీ అనే ఇద్దరు ఒక బొగ్గు కడ్డీకీ ఇనుముకూ మధ్య మెరుపు పుట్టించి, ఆ వేడితో అంచులను కరిగించి అతికారు. 1888లో నికొలాయ్ స్లావ్యనోవ్ బొగ్గు తీసేసి లోహపు కడ్డీనే వాడాడు. ఆ కడ్డీయే కరిగి అతుకులో నిండేది. ఇప్పటి రాడ్డు వెల్డింగుకు అదే మొదలు. కానీ ఉత్త ఇనుప కడ్డీతో ఒక చిక్కు ఉంది. కరిగిన ఇనుము గాలిలోని ఆక్సిజన్నూ నైట్రోజన్నూ పీల్చుకుని పెళుసుబారిపోతుంది, నిండా బొక్కలు పడతాయి.

దాన్ని తీర్చింది స్వీడన్ దేశపు ఆస్కార్ షెల్‌బెరి. ఆయన పని ఓడల బాయిలర్లు బాగుచేయడం. కారుతున్న బాయిలరుకు పెట్టిన అతుకు మళ్లీ కారితే ఓడ కదలదు. ఆయన ఇనుప తీగను కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కటి ముద్దలో ముంచి ఎండబెట్టాడు. ఆ పూత కాలినప్పుడు వచ్చే పొగ గాలిని దూరం పెడుతుంది, కరిగిన పూత చిట్టెంగా అతుకు మీద దుప్పటి కప్పుతుంది. కమ్మరి చల్లిన ఇసుక చేసిన పనికి ఇది అన్న. 1904లో ఆయన పెట్టిన కంపెనీయే ఎసాబ్, ఇప్పటికీ ఉంది. ఇందులో నేను గమనించింది ఒకటి. రాడ్డు వెల్డింగ్ పుట్టింది ఫ్యాక్టరీలో కాదు. బాగుచేసేవాడు, పని ఉన్నచోటికి తాను పోయేవాడు, దాన్ని పుట్టించాడు.

మొదట్లో దీనికి డీసీ కరెంటు వాడేవాళ్లు, దానికి జనరేటరు కావాలి. ఏసీ అయితే ఒక ట్రాన్స్‌ఫార్మరు చాలు. కానీ మన ఏసీ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు రెండు సార్లు సున్నాకు వస్తుంది. అంటే మెరుపు సెకనుకు 100 సార్లు ఆరి మళ్లీ వెలగాలి. ఉత్త కడ్డీతో అది నిలవదు. పూతలో పొటాషియం వంటివి కలిపిన తర్వాత ఏసీ మెరుపు నిలబడింది. 1930లనుంచి ఏసీ మిషన్లు బాగా వ్యాపించాయి. ఇప్పుడు గేట్లకు వాడే 6013 రాడ్డు అట్లా ఏసీకీ డీసీకీ రెండింటికీ పనికివచ్చేది. నాయన చెప్పిన పాత పెట్టె ఈ కాలపు బిడ్డ. లోపల రాగి చుట్టు, ఇనుప రేకులు, చల్లార్చడానికి నూనె. చెడిపోవడానికి అందులో ఎక్కువేమీ లేదు. నాయన మాటలో అబద్ధం లేదు.

ఇప్పుడు ఓడల కథ. ఇది కొంచెం పొడుగుగానే చెప్తాను, ఎందుకంటే మిషను కంటే పెద్ద సంగతి ఇందులో ఉంది. అప్పట్లో ఓడలను రివెట్లతో కట్టేవాళ్లు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు అక్కడి రేవుల్లో చిక్కుకున్న జర్మనీ ఓడల ఇంజన్లను వాటి సిబ్బందే పగలగొట్టారు. కొత్తవి చేయడానికి ఏండ్లు పడుతుంది. వెల్డింగుతో నెలల్లోనే వాటిని నడిపించారు. 1920లో ఇంగ్లండులో ఫులగార్ అనే ఓడను పూర్తిగా వెల్డింగుతోనే కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అమెరికా 2,710 లిబర్టీ ఓడలు కట్టింది. వాటిలో ఒకదాన్ని, రాబర్ట్ ఇ. పియరీ అనేదాన్ని, 1942 నవంబరులో ఐదు రోజులకంటే తక్కువలో నీళ్లలోకి దించారు. ఆ షిప్‌యార్డుల్లో వేలమంది ఆడవాళ్లు వెల్డింగ్ చేశారు. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో అప్పటి ఫోటోలు చూస్తే ముఖం మీది కవచం పైకెత్తి నవ్వుతున్న అక్కలు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది అంతకుముందు ఇనుము ముట్టనివాళ్లు. ఇది చదివి అన్నకు చూపించి "నాకూ నేర్పు" అన్నాను. "పదో తరగతి పరీక్షలు కానీ" అన్నాడు. కాదు అని మాత్రం అనలేదు.

అయితే 1943 జనవరి 16న పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ, నిశ్చలంగా ఉన్న నీళ్లలో, రేవులో కట్టేసి ఉండగానే పెద్ద చప్పుడుతో దాదాపు రెండు ముక్కలైంది. తుఫాను లేదు, శత్రువు లేడు. కొన్ని లిబర్టీ ఓడలు కూడా అట్లాగే పగిలాయి. ముందు అందరూ వెల్డర్లనే తిట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త పరీక్షలు చేసి, అసలు ఆ ఉక్కే చలికి గాజులాగా పెళుసుబారుతోందని చూపించింది. రివెట్ల ఓడలో బీట ఒక రేకు అంచుకు వచ్చి ఆగిపోయేది. వెల్డింగ్ ఓడలో రేకులన్నీ ఒకటే కాబట్టి బీట ఆగకుండా పరుగెత్తింది. చదరంగా కోసిన మూలలు, సరిగా పడని అతుకులు ఆ బీటలకు మొదలు పెట్టాయి. అతుకు పైకి ఎంత నున్నగా కనిపించినా లోపల ఏముందో కంటికి తెలియదు. అన్న ఇది విని కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మిద్దె మీద గ్రిల్లు పెడితే పిల్లోళ్లు ఆనుకుంటారు కదా" అని.

మిగతా రెండు మిషన్ల కథ తొందరగా చెప్పవచ్చు. టిగ్ అనేది 1941 ప్రాంతంలో అమెరికాలో నార్త్రాప్ విమానాల కంపెనీలో పుట్టింది. మెగ్నీషియంతో విమానం కట్టాలనుకున్నారు, అది కరిగినప్పుడు గాలి తగిలితే మండే లోహం. రసెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ కడ్డీ చుట్టూ హీలియం వాయువు ఊదుతూ అతికాడు. అందమైన పని, నిదానమైన పని, మా ఊరి గేట్లకు అక్కరలేని పని. మిగ్ అనేది 1948లో బాటెల్ సంస్థలో పుట్టింది. తీగ చుట్టనుంచి తానే వస్తా ఉంటుంది, చుట్టూ వాయువు వస్తుంది, రాడ్డు మార్చడానికి ఆగే పని లేదు. 1950ల్లో ఖరీదైన ఆర్గాన్ బదులు కార్బన్ డయాక్సైడ్ వాడడం వచ్చాక మామూలు ఉక్కుకు కూడా అది చౌక అయ్యింది. ఒకే చోట నిలబడి, పైకప్పు కింద, రోజంతా ఒకే రకం అతుకు పెట్టే ఫ్యాక్టరీకి అది సరిగ్గా సరిపోయింది. అన్నకు అది సులభంగా అనిపించింది కూడా అందుకే. కానీ గేటు బిగించేది ఇంటి ముందర, గాలిలో. గాలి వీస్తే ఆ వాయువు ఎగిరిపోతుంది, అతుకులో బొక్కలు పడతాయి. బండి మీద సిలిండరు మోసుకుని ఊరూరూ తిరగడం ఇంకో కష్టం. సన్నని రేకు పనికి మిగ్ మేలే, అది ఒప్పుకోవాలి. రాడ్డుతో సన్నని పైపు అతికితే చెయ్యి కుదరనివాళ్లకు బొక్క పడుతుంది.

ఇక ఇన్వర్టరు. ఇనుప పెట్టె అంత బరువు ఎందుకంటే 50 చుట్ల కరెంటుకు ట్రాన్స్‌ఫార్మరులో చాలా ఇనుము, రాగి కావాలి. అదే కరెంటును ముందు డీసీ చేసి, సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటే, అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మరే చాలు. 1977లో ఫిన్లాండ్ కంపెనీ కెంపీ అట్లాంటి మిషనును అమ్మకానికి తెచ్చింది. అంత వేగంగా అంత కరెంటును ఆపి వదిలే స్విచ్చు దొరకడమే కష్టం. ఇప్పటి మిషన్లలో ఆ పని చేసేది ఐజీబీటీ. దాన్ని 1980 ప్రాంతంలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు బి. జయంత్ బాలిగా. ఆయన చెన్నైలో పుట్టి, బెంగళూరు జాలహళ్లిలో పెరిగి, 1969లో ఐఐటీ మద్రాసులో పట్టా తీసుకున్నాడు. మా హోసూరు ఈ రెండు ఊర్లనూ కలిపే దారిలోనే ఉంది. షాపులో పెట్టె మీద ఐజీబీటీ అని రాసి ఉంటే నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, షాపతను ఎందుకని అడగలేదు గానీ.

ఇంత తెలిసిన తర్వాత అన్న, నేను కూర్చుని లెక్క వేసుకున్నాం. అన్న పని షెల్‌బెరి పని లాంటిది. పని ఉన్న చోటికి తానే పోవాలి, గాలిలో చేయాలి, తుప్పు పట్టిన పాత గేటైనా బాగుచేయాలి. అంటే రాడ్డు వెల్డింగే. ఇక రాడ్డుకు ట్రాన్స్‌ఫార్మరా, ఇన్వర్టరా?

నాయనను తీసుకుని పోయి ఆ పాత పెట్టె మీద ఉన్న పలక చదివాం. 415 వోల్టులు అని ఉంది. అంటే రెండు ఫేజులు కావాలి, మా ఇంటికి వచ్చేది ఒక్క ఫేజు, 230. పైగా దాన్ని ఎత్తడానికి నలుగురు కావాలి. నాయన పలక మీద చెయ్యి పెట్టి తుడిచి, "ఇది కదిలేది కాదు లే" అన్నాడు. ఊర్లో మూడు ఫేజుల షాపు ఉండి, పని మన దగ్గరికే వచ్చేవాళ్లకు మాత్రం ఆ పెట్టె ఇప్పటికీ మంచిదే అని నా అభిప్రాయం. దుమ్ముకూ, తగ్గే కరెంటుకూ అది భయపడదు. ఇన్వర్టరు లోపల బోర్డు ఉంటుంది. గ్రైండరు చిమ్మే ఇనుప పొడి దాని ఫ్యానులోంచి లోపలికి పోతే బోర్డు కాలిపోతుంది. కాబట్టి గ్రైండరు ఒక మూల, మిషను ఇంకో మూల పెట్టాలి.

కరెంటు సంగతి చూడడానికి అన్న స్నేహితుడు మీటరు తెచ్చాడు. పొద్దున 226 వోల్టులు, సాయంత్రం ఆరింటికి 188. కొన్ని ఇన్వర్టర్లు అంత తక్కువలో ఆగిపోతాయి. పలక మీద ఎంతనుంచి ఎంతవరకు నడుస్తుందో రాసి ఉంటుంది, 160నుంచి నడిచేది వెతికాం. ఇంకొకటి కూడా చదవాలి, ఎన్ని ఆంప్స్ దగ్గర ఎంత శాతం అని. 200 ఆంప్స్, 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మాత్రమే ఆ కరెంటుతో కాల్చవచ్చు, మిగతా నాలుగు చల్లారాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 200 అని వేసి, ఈ శాతం ఎక్కడా వేయనివి రెండు చూశాం, వాటిని ముట్టలేదు. అయినా గేటు పనికి కావాల్సింది ఎంత? రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకు 60నుంచి 90 ఆంప్స్, 3.15 రాడ్డుకు 90నుంచి 130. షాపతను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 400 అక్కరలేదు. కొనేముందు అక్కడే 3.15 రాడ్డు ఒకటి పూర్తిగా కాల్చి చూపించమని అన్న అడిగాడు. ఇష్టం లేకపోయినా చూపించారు.

మిషను 8,500 అయ్యింది. భుజానికి తగిలించుకుని టీవీఎస్ మీద పోవచ్చు. గ్రైండరు, కేబులు, రాడ్లు పోను, అమ్మ మాట ప్రకారం మెరుపు రాగానే తానే నల్లబడే హెల్మెట్ తీసుకున్నాం. అందులో చౌకది, అంటే చేత్తో పట్టుకునే నల్ల అద్దం, 200కే వచ్చేది. కానీ కొత్తవాళ్లకు కండ్లలో ఇసుక పోసినట్టు నొప్పి వచ్చేది రాడ్డు అంటించే ఆ ఒక్క క్షణంలో అద్దం పక్కకు తప్పడం వల్లే. మెరుపులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, చూసేటప్పుడు తెలియదు, రాత్రికి తెలుస్తుంది. జస్తా పూసిన పైపును కాలిస్తే వచ్చే తెల్ల పొగ పీలిస్తే జ్వరం వస్తుందని అన్నకు ఐటీఐలోనే చెప్పారు. అందుకే ఆ పూత ముందు గ్రైండరుతో తీసేస్తాడు.

ఇంటి ప్లగ్గులో పెట్టలేదు. వ్యాపారానికి ఇంటి కనెక్షను వాడకూడదు, ఆ వైరు తట్టుకోదు కూడా. వేరే కనెక్షనుకు అర్జీ పెట్టి, లావు వైరు, 32 ఆంప్స్ ఎంసీబీ వేయించాం. దానికే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ అన్న రోజూ స్నేహితుడి షాపుకు పోయి పాత ఇనుప పట్టీలు అతికి, వాటిని దాగలి మీద పెట్టి సమ్మెటతో వంచి విరగ్గొట్టి చూసేవాడు. విరిగిన చోట బొక్కలూ చిట్టెమూ ఉంటే పక్కన పడేసి మళ్లీ మొదలు. ఆ ముక్కలు ఒక తట్ట నిండాయి.

ఇప్పటికి నాలుగు పనులు వచ్చాయి. మేకల దొడ్డికి తలుపు, ఒక బోరు పైపుకు కట్టు, రెండు వాకిలి గేట్లు. పోయిన వారం ఒకాయన మిద్దె పైన పిట్టగోడకు గ్రిల్లు పెట్టమని అడ్వాన్సు తెచ్చాడు. అన్న డబ్బు తీసుకోలేదు. కొలతలు మాత్రం రాసుకుని, విరగ్గొట్టిన పట్టీలో ఇంకా ఒకటో రెండో బొక్కలు కనిపిస్తున్నాయని, ఉగాది తర్వాత వచ్చి చేస్తానని చెప్పి పంపించాడు.